నీ ఆధార్ జిరాక్స్ గురించి

దేవరకొండ

బిడ్డా,

కొత్త హాస్టల్ వాళ్లకు ఆధార్, పాన్ రెండూ వాట్సాప్‌లో పంపేశానన్నావు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్‌లో చెబితే "సరే నాయినా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

మీ పెద్దనాయిన పంట లోన్‌కు పోతే, "నీ పేరు మీద ఫోన్ లోన్ ఉంది, కిస్తీలు కట్టలేదు" అన్నారట బ్యాంకులో. ఆయన చేతిలో ఉన్నది బటన్ ఫోన్! ఎక్కడో ఇచ్చిన జిరాక్స్‌ను ఎవరో వాడుకున్నారు. సిమ్‌కు, గ్యాస్‌కు, యూరియాకు, అడిగిన చోటల్లా ఇచ్చాడాయె, ఎవరినని అడుగుతాడు? ఆ అప్పు తనది కాదని నిరూపించుకునే పని మాత్రం ఆయన నెత్తినే పడింది. ఈలోపు పత్తి పెట్టుబడికి మిత్తికి తెచ్చుకున్నాడు.

ఇక నుంచి ఎవరికి కాపీ ఇచ్చినా దాని మీద అడ్డంగా "హాస్టల్ కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టు. రాత కొంచెం ఫొటో మీదికి ఎక్కాలి. పక్కన ఖాళీలో రాస్తే, దాని మీద తెల్లకాగితం పెట్టి మళ్లీ జిరాక్స్ తీస్తారు. చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ కూడా దొరుకుతుంది, చాలాచోట్ల అదే సరిపోతుంది.

వేలిముద్రలను కూడా వదలడం లేదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒకతను, భూముల దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, ఎవరెవరి పేర్ల మీదనో వేల సిమ్‌లు తీశాడు. ఊళ్లో వేలు పెడితే డబ్బులిచ్చే మిషన్‌కు ఓటీపీ కూడా అక్కర్లేదు. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్, అంటే వేలిముద్రలకు తాళం, వేసుకో, అవసరమైనప్పుడు తీసుకోవచ్చు.

సంచార్ సాథీ అనే సర్కారు వెబ్‌సైట్‌లో నీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూడు, నీది కానిది కనిపిస్తే అక్కడే చెప్పు. నీ పేరు మీద ఏ అప్పులున్నాయో చూపే క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టు. ఇంకొకరి గుర్తింపు వివరాలు దొంగతనంగా వాడితే ఐటీ చట్టం 66సీ కింద మూడేళ్ల దాకా జైలు ఉందంటారు, దొంగ దొరికితే కదా!

పెద్దనాయినకు కూడా ఆ రిపోర్టు తీయాలి. ఇప్పుడాయన నేనడిగినా ఓటీపీ చెప్పడం లేదు, మంచిదే. దసరాకు వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నువ్వే తియ్యి.

మీ నాయిన