నెలాఖరుకల్లా లైసెన్స్ తెమ్మంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

నేను బెంగళూరులో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మాది పుంగనూరు దగ్గర పల్లె, ఉంటున్నది కె.ఆర్.పురం. నా పని హోమ్ కలెక్షన్, అంటే ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకురావడం. షుగర్ పేషెంట్లు ఫాస్టింగ్‌లో ఉండి, కాఫీ కూడా తాగకుండా మా కోసం చూస్తుంటారు. అందుకే మా షిఫ్టు తెల్లవారుజామున ఐదున్నరకే మొదలవుతుంది. ఇన్నాళ్లూ ఒక అబ్బాయి స్కూటర్ నడిపేవాడు, నేను శాంపిల్ బాక్స్ పట్టుకుని వెనక కూర్చునేదాన్ని. ఖర్చు తగ్గించాలని ఇప్పుడు బండికి ఒక్కరే అన్నారు. బండి ల్యాబ్‌దే. నెల మొదట్లో వాట్సాప్ గ్రూపులో నోటీసు పెట్టారు: నెలాఖరుకల్లా పర్మినెంట్ లైసెన్స్ చూపించనివాళ్ల పేరు వచ్చే నెల రోస్టర్‌లో ఉండదట.

లైసెన్స్ అడగడం తప్పని నేను అనను. లైసెన్స్ లేనివాళ్లకు బండి ఇస్తే, నడిపినవాళ్లకే కాదు, ఇచ్చిన యజమానికీ రూ.5,000 జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఉంది. పైగా చీకటితో ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద లారీల మధ్య పోవాలి. నడపడం సరిగ్గా రాకుండా వెళ్లమంటే నేనే వెళ్లను.

నా గొడవంతా ఆ గడువు గురించే. లెర్నర్స్ చేతికొచ్చి 30 రోజులు నిండితే గానీ డ్రైవింగ్ టెస్టుకు రానివ్వరు. ఇది ఏ ఆఫీసువాళ్లో సొంతంగా పెట్టుకున్న రూలు కాదు, 1989 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. నోటీసు చదివిన రోజే లెర్నర్స్ వచ్చినా నెలాఖరుకు పర్మినెంట్ రాదు. టెస్టులో ఫెయిలైతే మళ్లీ కూర్చోవడానికి ఇంకో ఏడు రోజులు ఆగాలి. పోనీ లెర్నర్స్‌తో నడుపుదామా అంటే, ఎల్ బోర్డు పెట్టుకోవడంతో సరిపోదు, లైసెన్స్ ఉన్నవాళ్లు నేర్పడానికి వెంట ఉండాలి. ఒక్కరే వెళ్లే పనికి అదెలా కుదురుతుంది? నోటీసు రాసినవాళ్లు ఈ లెక్క వేసుకున్నట్టు లేదు. అడిగితే సూపర్‌వైజర్ గారు "ఎలాగోలా చూసుకోమ్మా" అన్నారు.

ఎలాగోలా అంటే బ్రోకర్ అని అందరికీ తెలుసు. కేంద్ర నిబంధనల ప్రకారం టెస్టుకు ఫీజు రూ.300, లైసెన్స్ ఇవ్వడానికి రూ.200. నాకు తెలిసిన బ్రోకర్ రూ.6,000 అడిగాడు. అంత ఇస్తే నెలలోపు వస్తుందా అంటే, "ఆ 30 రోజులు మాత్రం మా చేతుల్లో లేదు మేడమ్" అన్నాడు. ఆ మాత్రం నిజం చెప్పినందుకు సంతోషం.

ఇంకో చిక్కు ఆధార్‌లో చిరునామా. నాది ఊరి చిరునామాతోనే ఉండేది. లైసెన్స్ ఎక్కడ తీసుకున్నా దేశమంతా చెల్లుతుంది కదా, ఊరికెళ్లి తెచ్చుకోమని అందరూ సలహా ఇచ్చేవాళ్లే. టెస్టుకని ఊరికి వెళ్తే ఆ సెలవులకు జీతం ఎవరిస్తారు? ఇక్కడ అద్దె అగ్రిమెంట్ అడిగితే మా ఓనరమ్మ మాట మార్చేసింది. మా ఆయన ఆధార్ ఇక్కడి చిరునామాతో ఉండబట్టి, కుటుంబ పెద్ద ఆధార్‌ను చూపి నాది మార్చుకున్నాను. 2023 నుంచి ఆ వీలుంది. నాతో పనిచేసే పెళ్లికాని అమ్మాయిలు పీజీల్లో ఉంటారు. వాళ్లకు ఆ దారీ లేదు.

మా గ్రూపులో లైసెన్స్ లేనిది దాదాపు అందరూ ఆడవాళ్లమే. అబ్బాయిలకు ఈ ఉద్యోగంలో చేరకముందే ఉంది. అంటే ఈ నోటీసుతో ముందు బయటికి పోయేది మేమే. కానీ లేడీ టెక్నీషియన్‌నే పంపమని ఫోన్ చేసి మరీ అడిగే ఇళ్లు చాలా ఉన్నాయి. పెద్ద వయసు అమ్మలు, బురఖా వేసుకునేవాళ్లు, కొత్తగా కడుపుతో ఉన్నవాళ్లు. వాళ్ల దగ్గరికి ఎవరిని పంపుతారో నోటీసులో లేదు.

గడువు కనీసం మూడు నెలలు ఇవ్వాలి. అప్పటిదాకా పాత పద్ధతిలో ఇద్దరినీ పంపొచ్చు, లేదా మాకు సెంటర్‌లోనే డ్యూటీ వేయొచ్చు. టెస్టు స్లాట్లు పొద్దుటి పూటే దొరుకుతున్నాయి, మాకు పని ఎక్కువుండేదీ అప్పుడే. కాబట్టి ఆ ఒక్క పూటను డ్యూటీగా లెక్కించాలి, జీతం కోయకూడదు. ఇంకో మాట. టెస్టు పాసైనా కార్డు చూపించేదాకా ఒప్పుకోబోమని ల్యాబ్‌వాళ్లు అంటున్నారు. డిజిలాకర్‌లోని లైసెన్స్‌ను అసలుతో సమానంగా చూడాలని కేంద్రం 2018లోనే చెప్పింది. రోడ్డు మీద పోలీసులకు చెల్లేది మా హెచ్‌ఆర్‌కు ఎందుకు చెల్లదు?

రవాణా శాఖవారు కూడా షిఫ్టుల్లో పనిచేసేవాళ్ల కోసం మధ్యాహ్నం పూట, వీలైతే ఆదివారం, కొన్ని స్లాట్లు పెట్టాలి. ఈ నగరంలో పొద్దున తొమ్మిదికి వెళ్లి సాయంత్రం ఆరుకు ఇంటికొచ్చే ఉద్యోగాలే ఉంటాయా? గార్మెంట్స్‌లో, ఆస్పత్రుల్లో, గోడౌన్లలో ఉన్న మనవాళ్లందరిదీ ఇదే అవస్థ.

నాకు లెర్నర్స్ వచ్చింది. రోజూ సాయంత్రం మా వీధి చివర ఖాళీ స్థలంలో మా ఆయన బండి నేర్పిస్తున్నారు. నెలాఖరుకు 30 రోజులు నిండవని లెక్కతో సహా ల్యాబ్‌కు రాసిచ్చాను, ఇంకా జవాబు లేదు. ప్రస్తుతానికి ఉద్యోగం ఉంది కాబట్టి నా పేరు వేయొద్దని మనవి.

- ఒక ల్యాబ్ టెక్నీషియన్, కె.ఆర్.పురం, బెంగళూరు