కేతన మా పొలం గట్టెక్కాడు

వసూ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది, జవాబు రాయలేదు. తిట్టుకో. మోకాలి నొప్పి, మనవడి స్కూలు అడ్మిషను, ఇంటికి సున్నాలు... వీటిలో ఏ సాకు నీకు నచ్చితే అది వేసుకో. ఆయన బానే ఉన్నారు. షుగరు అలాగే ఉంది, చాటుగా జిలేబీ తినడమూ అలాగే ఉంది. ఇంటి కబుర్లు ఇంతటితో సరి.

అసలు సంగతి విను. కేతన కనబడ్డాడే! మన కేతనే, పదమూడో శతాబ్దం కవి. ధర్మశాస్త్రాన్ని పద్యాల్లోకి దించాడని మాస్టారు చెబుతుంటే, "జైలుశిక్ష కందంలో వేస్తారా, ఆటవెలదిలో వేస్తారా అండీ" అని అడిగి నువ్వు గంటసేపు వరండాలో నిలబడ్డావే, ఆ కేతన. పోయిన మంగళవారం తెనాలిలో ప్లీడరు గారి గదిలో నా పక్క కుర్చీలో కూర్చున్నంత పనిచేశాడు.

తాతల నుంచి నాన్నకొచ్చిన పొలం నాలుగున్నర ఎకరాలు ఇప్పటిదాకా పంచుకోలేదు కదా. నాన్న 2002లో పోయారు, తమ్ముడే చేయించుకుంటున్నాడు, ఏటా రెండు బస్తాల బియ్యం పంపుతాడు, మేం నోరెత్తం. ఇప్పుడు వాడికి లోను కావాలి, కాగితాలు సరిచేయాలి. అక్కని, నన్ను సంతకాలకు రమ్మన్నాడు. వాడి మనసులో మాట, నాకు వాటా ఇవ్వాలని, అక్క చేత హక్కు విడుదల కాగితం రాయించుకోవాలని. వాడిది దుర్బుద్ధి కాదు. మా ఇంట్లో అందరం అదే న్యాయం అనుకున్నాం. మనం వాల్తేరులో ఫైనలియరులో ఉన్నప్పుడు ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకు పిత్రార్జితంలో వాటా ఇచ్చిందే, అది 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని వాళ్లకే. అక్క పెళ్లి 1984లో, నాది 1988లో. ఒకే తల్లి కడుపున పుట్టాం, మధ్యలో ఓ తేదీ వచ్చి కూర్చుంది.

ప్లీడరు గారు పెద్దాయన. అంతా విని, కళ్లజోడు తీసి, "కుదరదమ్మా, ఇది అప్రతిబంధ దాయం" అన్నారు.

వసూ, నాకు ఒళ్లు ఝల్లుమంది! "విజ్ఞానేశ్వరుడాండీ?" అని అరిచేశాను. బయట గుమాస్తా తొంగి చూశాడు. తమ్ముడు నా మోచెయ్యి గిల్లి "అక్కా, ఇది క్లాసు కాదు" అన్నాడు. ఆయన మాత్రం ముఖమంతా నవ్వుతో కుర్చీ ముందుకు జరుపుకున్నారు. అరవై ఏళ్ల ప్రాక్టీసులో మొదటిసారి ఎవరో అడిగారట.

నీకు గుర్తు చేస్తాను, ఆ రోజు వరండాలో ఉన్నావుగా! యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడి వ్యాఖ్యే మితాక్షర. కల్యాణిలో, అంటే ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణ్‌లో, ఆరో విక్రమాదిత్యుడి కాలంలో రాశాడు. పేరేమో మితాక్షర, తీరా చూస్తే అంత లావు పుస్తకం! దాన్నే 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. అందులో కీలకం, కొడుక్కి తాతల ఆస్తిలో హక్కు పుట్టుకతోనే వస్తుంది, తండ్రి పోయేదాకా ఆగక్కర్లేదు. దాయం అంటే వారసత్వం, అడ్డులేదు కనక అప్రతిబంధం. బెంగాలులో నడిచిన జీమూతవాహనుడి గ్రంథం దాయభాగం ఇది ఒప్పుకోదు, అక్కడ తండ్రి పోతేనే. 1810లో కోల్‌బ్రూక్ ఈ రెండింటినీ ఇంగ్లీషు చేసి పెట్టాడు. సంస్కృతం రాని దొరల కోర్టులకు అదే ఆధారం, మనకు అదే తలరాత.

ఇంకో ముచ్చట. భార్యాపిల్లలు లేకుండా కొడుకు పోతే ఆస్తి ముందు తల్లికా, తండ్రికా? స్మృతిలో "పితరౌ" అని ఉంది. తల్లిదండ్రులిద్దరికీ కలిపి ఒకే మాట, ఏకశేషం! విగ్రహవాక్యం చెబితే మాతా చ పితా చ, తల్లి ముందు వచ్చింది కనక ఆస్తి ముందు తల్లికే అన్నాడు విజ్ఞానేశ్వరుడు. మనం సమాసాల్లో మార్కులు పోగొట్టుకుంటే ఆయన సమాసంతో ఆస్తి పంచాడు! ఇవాళ్టి చట్టంలోనూ కొడుకు ఆస్తికి తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి రెండో తరగతి. మా ఆయనకు ఇది చెప్తే రెండ్రోజులు...

సరే, ప్లీడరు గారి దగ్గరికొద్దాం. 2005లో కేంద్రం చట్టం మార్చి పెళ్లయినా కాకున్నా కూతురు కొడుకుతో సమానం అంది. నాన్న అప్పటికే లేరుగా, వర్తించదనుకున్నాం. 2015లో సుప్రీంకోర్టు కూడా, చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాలనే అంది. 2020 ఆగస్టు 11న ముగ్గురు జడ్జీలు అది కాదన్నారు. కూతురి హక్కు పుట్టుక వల్ల వచ్చింది, తండ్రి ఉన్నాడా పోయాడా అన్న ప్రశ్నే లేదన్నారు. ఆ తీర్పులో అప్రతిబంధ దాయం అన్న మాటే ఉంది వసూ! కొడుకు కోసం కట్టిన మాటని పట్టుకుని కూతుర్ని లోపలికి తెచ్చారు. విజ్ఞానేశ్వరుడు వింటే ఏమనేవాడో!

నేనిలా ఎగిరెగిరి పడుతున్నానా, అక్క మాత్రం చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. విడుదల కాగితం మీద సంతకం పెట్టడానికి పెన్ను మూత కూడా తీసి ఉంది. మెల్లిగా అడిగింది, "పుట్టుకతోనే అంటే... ఇన్నాళ్లూ నాకూ ఉన్నట్టేనా అండీ?"

"ఉన్నట్టేనమ్మా."

తమ్ముడు పుట్టిన రోజున వీధంతా తిరిగి పంచదార పంచింది ఎవరనుకున్నావు? అక్కే. పదేళ్ల పిల్ల, పరికిణీ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని. వాడు కేర్‌మన్న క్షణానికే వాటాదారు అయ్యాడు. అది ఇంటింటికీ పంచదార పెడుతూ తిరిగింది.

నాకు వాటా ఉందని, దానికి లేదని నాకు 1985 నుంచీ తెలుసు వసూ. ఒక్కసారైనా దాని దగ్గర ఆ మాట ఎత్తానా? కేతన మీద ఇరవై మార్కుల వ్యాసం రాశాను గానీ... పోనీలే. అది వేరే ఉత్తరం.

అక్క పెన్ను మూత పెట్టేసింది. "ఆలోచించి చెప్తానురా" అంది. తమ్ముడి ముఖం మాడింది. బస్సులో ముగ్గురం మాట్లాడుకోలేదు. నిన్న రాత్రి మాత్రం వాడే ఫోన్ చేశాడు, ముగ్గురికీ ఎకరంన్నర చొప్పున కొలిపిద్దాం, సర్వేయరుని పిలిచా అని. మరదలు ఏమందో అడగలేదు, నువ్వూ అడక్కు.

నీ సీమచింతకాయల కేసు ఏమైంది? రాయి. ఆ దొంగ మళ్లీ...

అయ్యో, ఆటో వచ్చేసింది. అక్క అప్పుడే ఎక్కి కూర్చుని హారన్ కొట్టిస్తోంది. బురదలోకి పోతూ పట్టుచీర కట్టిందేమిటే ఇది! ఉంటా