కొలరాడో నీటి పొదుపు పథకంపై సెనేటర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అరిజోనా సెనేటర్ గారికి,

కొలరాడో నది ఎగువ పరీవాహక రైతులు స్వచ్ఛందంగా సాగు తగ్గిస్తే డబ్బులిచ్చే పథకం గడువు 2024తో తీరిపోయింది. పొడిగించే బిల్లుకు మీరు ఓటేయాలి, ఒక లొసుగు పూడ్చి మరీ.

వ్యోమింగ్‌లో ఒక రైతు అల్ఫాల్ఫా (పశువుల మేత) మడికి నీళ్లు ఆపేస్తే, ఆ మిగులును కింది రైతు చట్టబద్ధంగానే తన కాలువలోకి తిప్పుకోవచ్చు. ఇక దిగువన లేక్ పావెల్ జలాశయానికి చేరేదెంత? ప్రభుత్వం మాత్రం సొమ్ము చెల్లించేసింది! నాది కృష్ణా చివరి ఆయకట్టు ఊరు, ఈ కథ నాకు కొత్త కాదు.

ఇక్కడ అరిజోనాలో, 2021లో ప్రకటించిన కొరత 2022లో అమల్లోకి రాగానే పినాల్ కౌంటీ పొలాలకు కొలరాడో నది కాలువ నీళ్లు భారీగా తగ్గిపోయాయి. వాళ్లను ఎవరూ ‘స్వచ్ఛందమా?’ అని అడగలేదు.

పొదుపు చేసిన నీటిని జలాశయం దాకా లెక్కగట్టి చేర్చే నిబంధనను బిల్లులోనే రాయించండి.

ఇట్లు,
చాండ్లర్ నుంచి మీ ఓటరు