మామయ్యకూ, పక్క ట్రైలర్ పెద్దాయనకూ కృతజ్ఞతలు

మా మోటార్‌హోమ్‌లో (పడక, వంట సదుపాయాలతో ఇల్లులా ఉండే బండి) కొన్ని నెలలుగా అంతుచిక్కని కరెంటు లోపం మొత్తానికి దొరికింది. పట్టుకున్నవారు ఇద్దరు. ఒకరు మా అమ్మ తమ్ముడు. సికింద్రాబాదులో రైలు పెట్టెల దీపాలు, ఫ్యాన్లు, బ్యాటరీలు చూసే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. రెండోవారు అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో మా పక్కనే ట్రైలర్ (కారు వెనక లాగే బండి ఇల్లు) నిలుపుకున్న అయోవా రాష్ట్రపు పెద్దాయన. పేర్లు రాయవద్దని ఇద్దరూ అన్నారు కాబట్టి రాయడం లేదు. వాళ్లు చేసిన మేలు మాత్రం నలుగురికీ తెలియాలి.

లోపం తీరు విచిత్రంగా ఉండేది. ఇంటి దగ్గర కరెంటుకు తగిలించి ఉన్నంతసేపు దీపాలు, నీళ్ల పంపు, గ్యాసు హీటర్ అన్నీ చక్కగా పనిచేసేవి. ప్రయాణంలో కరెంటు లేని చోట ఆగితే దీపాలు మసకబారేవి, పంపు మూలిగేది. వర్క్‌షాపులో రెండుసార్లు చూపించాం. అక్కడివాళ్లు బండిని ప్లగ్గుకు తగిలించి, ఫ్యూజుల పెట్టె దగ్గర 13.6 వోల్టులు చూసి, అంతా బాగుందన్నారు. రెండోసారి బ్యాటరీలు పాతబడ్డాయని కొత్తవి అమ్మారు. లోపం అలాగే ఉండిపోయింది. ఆ షాపు మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. బ్యాటరీ మీద నడిచేటప్పుడు వచ్చే లోపాన్ని ప్లగ్గు తగిలించి వెతకడం ఏం పద్ధతి?

అక్టోబరులో అమ్మానాన్నలను తీసుకుని గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచుకు వెళ్లాం. మేదర్ క్యాంప్‌గ్రౌండ్‌లో చోటు దొరికింది. అక్కడ బండికి కరెంటు కనెక్షన్ ఉండదు. సముద్ర మట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తు, రాత్రికి చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగుతుంది. హీటర్ వేస్తే ఫ్యాన్ నీరసంగా తిరుగుతోంది, మంట మాత్రం అంటుకోవడం లేదు. రాత్రి వేళ అక్కడ జనరేటర్ నడపకూడదు. అమ్మకు ఆయాసం ఉంది. అప్పుడు మామయ్యకు ఫోను చేశాను. ఇక్కడ రాత్రి పది, హైదరాబాదులో మరుసటి ఉదయం పదిన్నర.

ఆయన మొదటి మాట కరెంటు గురించి కాదు. “తల్లీ, చలిగా ఉందని వంట పొయ్యి వెలిగించి కూర్చోవద్దు. మూసిన బండిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ముందు అక్కనూ బావగారినీ వెచ్చటి చోట ఉంచు, ఆ తర్వాత మాట్లాడదాం” అన్నారు. పక్క ట్రైలర్ తలుపు తట్టాను. ఆ ఇంటావిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కోటు వేసుకుని వచ్చి, అమ్మ చేయి పట్టుకుని మెట్లు దింపి, తమ ట్రైలర్‌లో పక్క వేసింది. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు తెలుగు రాదు. అయినా అమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. పక్క ట్రైలర్ అమ్మా, మీరు చేసిన ఆ ఒక్క పనికే నేను జన్మంతా రుణపడి ఉంటాను.

పెద్దాయన టార్చి, వోల్టులు కొలిచే మల్టీమీటర్ పట్టుకుని మా బండి దగ్గరికి వచ్చారు. ఫోను స్పీకర్‌లో పెట్టాను. మామయ్య లక్షణం అంతా విని, తన ఉద్యోగం నుంచే మొదలుపెట్టారు. మన పాత తరహా రైలు పెట్టెల్లో చాలావాటికి ఇరుసుతో తిరిగే ఆల్టర్నేటర్ ఉంటుంది. రైలు పరుగెత్తేటప్పుడు దీపాలకు కరెంటు ఇస్తూ 110 వోల్టుల బ్యాటరీలను నింపుతుంది. స్టేషనులో ఆగితే బ్యాటరీయే గతి. “నడిచేటప్పుడు బాగా వెలిగి, ఆగగానే మసకబారే పెట్టె వస్తే మేము దీపాలను ముట్టుకోం. బ్యాటరీలోంచి కరెంటు వచ్చే దారి చూస్తాం. మీ బండిలో ప్లగ్గు తగిలించడం అంటే రైలు నడవడం లాంటిదే” అన్నారు. బ్యాటరీ దారితో పని లేకుండా, బండిలోని కన్వర్టరే ప్లగ్గు నుంచి వచ్చే 120 వోల్టుల కరెంటును 12 వోల్టుల స్థాయికి మార్చి దీపాలకు ఇచ్చేస్తోందన్నమాట. షాపువాళ్ల మీటరు చూపిన 13.6 ఆ కన్వర్టర్‌దే.

తర్వాత నా చేత ఒక్కొక్కటే కొలిపించారు. లోడ్ లేకుండా, అంటే ఏ పరికరమూ వేయకుండా, బ్యాటరీ మొనల మధ్య 12.6. హీటర్ ఫ్యాన్, దీపాలు వేసి చూస్తే అక్కడే 12.4. అంటే బ్యాటరీ నిక్షేపంగా ఉంది. అదే లోడ్ మీద ఫ్యూజుల పెట్టె దగ్గర 10.3 మాత్రమే! దారిలో 2.1 వోల్టులు మాయమవుతున్నాయి. హీటర్ ఎందుకు వెలగడం లేదో పెద్దాయన చెప్పారు. ఫ్యాన్ గాలి తగినంత వేగంగా వీస్తేనే లోపలి చిన్న రేకు స్విచ్చు కలుస్తుంది, అది కలిస్తేనే గ్యాసు వాల్వు తెరుచుకుంటుంది. వోల్టేజి చాలక ఫ్యాన్ ఈడుస్తోంది, స్విచ్చు కలవడం లేదు. గ్యాసుతో నడిచే హీటర్‌కు కరెంటు లోపం ఎలా అడ్డుపడుతుందో నాకు అప్పుడు అర్థమైంది.

“ఇప్పుడు ఆ రెండు వోల్టులు ఏ తీగలో పోతున్నాయో చూడు” అన్నారు మామయ్య. ప్లస్ వైపు, బ్యాటరీ మొన నుంచి ఫ్యూజుల పెట్టె దాకా 0.2. అది పరవాలేదు. మైనస్ మొన నుంచి బండి ఇనుప చట్రానికి కొలిస్తే 1.9. ఇక్కడే మామయ్య అనుభవం నన్ను నిలబెట్టింది. రైలు పెట్టెల్లో ప్లస్, మైనస్ రెండూ వేరు వేరు తీగల్లో వస్తాయి. పెట్టె ఒంటికి కరెంటు తగిలితే అది లోపం కింద లెక్క. మోటార్‌హోమ్‌లో అలా కాదు, కరెంటు బ్యాటరీకి తిరిగి వచ్చే దారి చట్రమే. “మేము చట్రాన్ని నమ్మం. మీ బండి దాని మీదే ఆధారపడింది. అది ఎక్కడ కలుస్తుందో అక్కడ తుప్పు పట్టి ఉంటుంది, చూడండి” అన్నారు.

చూస్తే సరిగ్గా అక్కడే ఉంది. పెద్దాయన ఆ చలిలో నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగారు. మెట్టు వెనక చట్రానికి బిగించిన బోల్టు, దానికి మైనస్ తీగ లగ్గు (తీగ చివర ఉండే లోహపు కొస). మీటరు మొనల్లో ఒకటి లగ్గు మీద, ఇంకొకటి చట్రం మీద పెడితే 1.8 వోల్టులు. ఆయన బోల్టు మీద వేలు పెట్టి, వెచ్చగా ఉందన్నారు. చుట్టూ ఇనుమంతా మంచులా ఉంటే అదొక్కటి వెచ్చగా! తొమ్మిది ఆంపియర్ల దాకా లోడ్ ఉంది కదా, 1.8 వోల్టులతో లెక్క వేస్తే 16 వాట్లు. అమ్మను వెచ్చగా ఉంచాల్సిన కరెంటు తుప్పును కాచింది.

విప్పబోతుంటే మామయ్య ఆపారు. ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పమన్నారు. నా ఉంగరం, గాజులు తీసి పక్కన పెట్టమన్నారు. 12 వోల్టులు షాకు కొట్టకపోయినా, ఉంగరం రెండు మొనలకూ తగిలితే ఎర్రగా కాలి వేలు పోతుందట. డిపోలో అలాంటి వేలిని చూశారట. తర్వాత పెద్దాయన బోల్టు విప్పి, తుప్పూ రంగూ పోయి తెల్లటి ఇనుము కనబడేదాకా తీగల బ్రష్‌తో రుద్దారు. తన డబ్బాలోంచి కొత్త లగ్గు, పళ్ల వాషరు తీసి బిగించారు. పైన తడి చేరకుండా గ్రీజు పూశారు. మళ్లీ కొలిస్తే ఆ చోట 0.04. ఫ్యూజుల పెట్టె దగ్గర 12.0 దాటింది. హీటర్ ఫ్యాన్ ఒక్కసారిగా హోరెత్తింది, కాసేపటికి మంట అంటుకున్న చప్పుడు వినిపించింది. ఫోనులో మామయ్య “వచ్చిందా?” అని అడిగేలోపే పెద్దాయన “వచ్చింది సార్!” అని ఇంగ్లీషులో అరిచారు.

ఆ తర్వాత వాళ్లిద్దరూ చాలాసేపు బ్యాటరీల గురించి మాట్లాడుకున్నారు. మామయ్య ఇంగ్లీషు ఆయనకూ, ఆయన యాస మామయ్యకూ సగమే అర్థమయ్యాయి. వోల్టులు మాత్రం పూర్తిగా అర్థమయ్యాయి.

మామయ్యా, నువ్వు “ఫలానా భాగం మార్చు” అని ఒక్కసారి కూడా అనలేదు. ప్రతి అంకె నా చేతే చదివించి, దాని అర్థం నన్నే చెప్పమన్నావు. కొత్త బ్యాటరీలకు పెట్టిన డబ్బు తీర్చలేని లోపాన్ని ఒక బ్రష్, ఒక వాషరుతో తీర్చావు. అత్తయ్యా, టిఫిను చల్లారుతున్నా ఒక్క మాట అనకుండా మామయ్యను ఫోను దగ్గర వదిలేశారు, మీకు విడిగా నమస్కారం. అయోవా పెద్దాయనా, లగ్గుకూ వాషరుకూ డబ్బు తీసుకోలేదు సరే, మీటరు కూడా నా దగ్గరే వదిలేశారు. దాన్ని ఫ్యూజుల పెట్టె పక్కనే కట్టి ఉంచాను.

మోటార్‌హోమ్‌లలో తిరిగే తెలుగువాళ్లు ఎవరికైనా ప్లగ్గు తగిలిస్తే బాగుండి, తీస్తే మసకబారే బాధ ఉంటే, బ్యాటరీలు కొనే ముందు లోడ్ వేసి మైనస్ మొనకూ చట్రానికీ మధ్య కొలవండి. 0.1 వోల్టు, మహా అయితే 0.2 దాటితే ఆ దారిలో ఏదో అడ్డు ఉందని మామయ్య లెక్క. జనరేటర్ దగ్గరి చట్రపు బోల్టు కూడా శుభ్రం చేయమని ఆయన పురమాయించారు, ఈ శనివారం ఆ పని పెట్టుకున్నాను. మీ బండిలో వచ్చిన అంకెలు నాకు రాసి పంపితే మామయ్యకు చదివి వినిపిస్తాను. అడగమని ఆయనే చెప్పారు.