పుపుస సిర దొరికిందిరా!

ఒరేయ్ అబ్బులూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. యూనిట్ పరీక్షల పేపర్లు, వాటి మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడం, మధ్యలో అమ్మకి కంటి ఆపరేషన్. అమ్మ బాగుంది. చిన్నాడు ఇంటర్లో ఎంపీసీలో చేరాడు. కాలవ గట్టు మీద కల్వర్టు మళ్లీ కుంగింది. రెండో బెల్లు మాష్టారు మొన్న సంతలో కనిపించి నిన్ను అడిగారు. ఇంతకంటే వార్తల్లేవు. ఉన్నా ఇప్పుడు రాసే ఓపిక లేదు, ఎందుకంటే అసలు సంగతి చెప్పకుండా ఇంక ఆగలేను.

పదో తరగతికి హృదయం పాఠం మొదలుపెట్టాలి. మా స్కూల్లో గోడకి పెద్ద టచ్ ప్యానెల్ ఉంది కదా, ఐఎఫ్‌పీ. దాని మీద పవర్‌పాయింట్ స్లయిడ్లు వేసి చెబుతాం. హృదయం ఫైలు ఎవరు తయారు చేశారో మాలో ఎవరికీ తెలియదు. ఒకరి పెన్‌డ్రైవ్ నుంచి ఇంకొకరి పెన్‌డ్రైవ్‌కి, అక్కణ్ణుంచి వాట్సాప్‌కి, అలా చేతులు మారి నా దాకా వచ్చింది. బొమ్మ మాత్రం ఎంత బాగా గీశారో! ఎడమ జఠరిక (గుండె కింది గది) గోడ మందంగా, కుడి జఠరిక గోడ పల్చగా, సరిగ్గా ఎలా ఉండాలో అలా. నేను బోర్డు మీద రంగు సుద్దలతో ఎంతసేపు గీసినా అంత స్పష్టంగా రాదు. అందుకే ఆ ఫైలు వదులుకోవడం నాకిష్టం లేదు.

పాఠానికి ముందు రోజు సాయంత్రం తెరిచి చూశాను. కుడి జఠరిక మీంచి పైకి లేచిన నీలం గొట్టానికి "పుపుస సిర", అంటే ఊపిరితిత్తుల సిర, అని రాసి ఉంది. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికలోకి (పై గదిలోకి) వచ్చే ఎర్ర గొట్టాలకి "పుపుస ధమని" అని. తారుమారు!

ఇది ఎవరి కంటా ఎందుకు పడలేదో ఆలోచించు. పిల్లలు కింది తరగతుల నుంచీ ధమని అంటే ఎర్ర రంగు, సిర అంటే నీలం రంగు అని బట్టీ పట్టి వస్తారు. ఆ లెక్కన ఈ తప్పు బొమ్మే ఒప్పులా కనిపిస్తుంది. ఎర్రదానికి ధమని, నీలందానికి సిర, ఇంకేం కావాలి? కానీ గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకి తిరిగి తెచ్చేది సిర. రంగుతో పనిలేదు. పుపుస ధమనిలో పోయేది ఆక్సిజన్ తక్కువున్న రక్తం, పుపుస సిరల్లో వచ్చేది ఆక్సిజన్ నిండిన రక్తం. పాఠం మొత్తంలో నేను గట్టిగా చెప్పేది ఆ ఒక్క ముక్కే. సరిగ్గా అక్కడే స్లయిడ్ తప్పు చెబుతోంది. పోయినేడు పిల్లల నోట్సులు తిరగేస్తే అందులోనూ అలాగే ఎక్కింది. నాకు చాలా కష్టమనిపించిందిరా. ఆ పిల్లలు ఇప్పుడు ఇంటర్లో... సరే, ఆ సంగతి మళ్లీ చెబుతాను.

రెండు లేబుళ్లే కదా, మార్చి పడుకుందాం అనుకున్నాను. "పుపుస ధమని" మీద నొక్కాను. దాని చుట్టూ రావాల్సిన తెల్ల చుక్కలు రాలేదు. స్లయిడ్ నాలుగు మూలల్లో వచ్చాయి. "జఠరిక" మీద నొక్కినా అంతే. ఖాళీ చోట నొక్కినా అంతే. మౌస్‌తో చుట్టూ గీత గీసి పట్టుకుందామని లాగితే, ఏదో జరిగినట్టుంది గానీ ఏం జరిగిందో కనిపించదు. అంతా ఉన్నచోటే ఉంది. అన్‌డూ కొట్టి వెనక్కొచ్చాను. టెన్షన్ మొదలైంది, తెల్లారితే మొదటి పీరియడ్ నాదే.

మా లెక్కల మేడమ్‌కి ఫోన్ చేశాను. "ఎస్కేప్ కొట్టి, తర్వాత ట్యాబ్ కొడుతూ వెళ్లండి సార్" అన్నారు. కొట్టాను. ఒక్కో నొక్కుకి చుక్కలు ఒక్కో వస్తువు చుట్టూ మారుతున్నాయి. ముందు బొమ్మ, తర్వాత లేబుళ్ల గుంపు, చివర్న మళ్లీ నాలుగు మూలలు. అంటే కంటికి కనిపించనిది ఏదో స్లయిడ్ అంతా పరుచుకుని, అన్నిటికంటే పైన ఉంది! అప్పుడు ఆల్ట్, ఎఫ్10 కలిపి నొక్కమన్నారు. కుడి పక్కన ఒక పట్టీ తెరుచుకుంది. సెలెక్షన్ పేన్ అంటారు, హోమ్‌లో అరేంజ్ కింద కూడా ఉంటుంది. స్లయిడ్ మీదున్న ప్రతి వస్తువు పేరూ అందులో వరసగా ఉంటుంది. పట్టీలో పైనున్నది స్లయిడ్‌లో ముందు ఉన్నట్టు, అడుగునున్నది వెనకాల ఉన్నట్టు. అన్నిటికంటే పైవరసలో "రెక్టాంగిల్ 47"!

ఫిల్ (లోపల నింపే రంగు) ఉంది, కానీ వంద శాతం ట్రాన్స్‌పరెంట్. కిటికీకి బిగించిన శుభ్రమైన అద్దంలా కంటికి ఆనదు, చేతిని మాత్రం లోపలికి పోనివ్వదు. ఎవరో దానికి లింకు పెట్టారు, ప్యానెల్ మీద ఎక్కడ తాకినా ప్రశ్నల స్లయిడ్‌కి వెళ్లేలా. మంచి ఆలోచనే, కాబట్టి చెరపలేదు. పట్టీలో పేరు పక్కన కన్ను గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే ఆ వస్తువు కాసేపు దాక్కుంటుంది. పనయ్యాక మళ్లీ నొక్కాలి, లేకపోతే స్లయిడ్ షోలో కూడా రాదు. పేరు మీద రెండుసార్లు నొక్కి "ప్రశ్నల లింకు పలక" అని మార్చాను. రేపు ఈ ఫైలు ఎవరి చేతికి వెళ్లినా వాళ్లకి ఈ తిప్పలు ఉండకూడదని.

పలక దాక్కోగానే "పుపుస ధమని" మీద నొక్కాను. ఈసారి లేబుళ్ల గుంపు మొత్తానికి చుక్కలొచ్చాయి, గ్రూపు చేసి ఉన్నాయి. గ్రూపు విడగొట్టనక్కర్లేదు, తెలుసా? మొదటి నొక్కుకి గ్రూపు వస్తుంది, అదే చోట మళ్లీ నొక్కితే లోపలిది వస్తుంది. "పుపుస సిర" అని మార్చాను. కంట్రోల్ షిఫ్ట్ జీతో విడగొడితే గ్రూపుకి పెట్టిన యానిమేషన్ పోతుంది, అందుకే దాని జోలికి పోలేదు.

ఇప్పుడు స్లయిడ్‌లో రెండు పుపుస సిరలు! నీలం గొట్టం దగ్గరున్న పాతది మార్చాలి. నొక్కితే పలకదు. పట్టీలో గ్రూపు తెరిచి పై నుంచి కింది దాకా వెతికాను, అందులో లేదు. కళ్లెదుట ఉంది, లెక్కలో లేదు.

మేడమ్ అప్పటికి పడుకుని ఉంటారు. ఒక్కణ్ణే కూర్చుని ఆలోచించాను. పట్టీలో "హైడ్ ఆల్" అని ఒక బటన్ ఉంది. అన్నిటినీ దాచేస్తే ఏం మిగులుతుందో చూద్దామని నొక్కాను. బొమ్మ పోయింది, లేబుళ్లు పోయాయి, బాణాలు పోయాయి. తెల్లటి స్లయిడ్ మీద పైన శీర్షిక పట్టీ, మధ్యలో ఒంటరిగా "పుపుస సిర". ఒక్కణ్ణే గట్టిగా "దొరికావ్!" అన్నాను, వంటింట్లోంచి మీ చెల్లెలు కంగారుపడి వచ్చింది.

హైడ్ ఆల్ కొట్టాక కూడా మిగిలిందంటే అది ఈ స్లయిడ్‌ది కాదు. వెనకున్న మాస్టర్‌దో, లేఅవుట్‌దో (చాలా స్లయిడ్లకి ఒకేసారి వర్తించే అచ్చులు అవి), బ్యాక్‌గ్రౌండ్‌దో. పక్క స్లయిడ్లు తిప్పి చూస్తే ఆరు నుంచి తొమ్మిది దాకా నాలుగింటిలోనూ అదే చోట అదే మాట, వెంట్రుకవాసి తేడా లేదు. వ్యూలోకి వెళ్లి స్లయిడ్ మాస్టర్ తెరిచాను. నేనున్న స్లయిడ్ ఏ లేఅవుట్ వాడుతోందో అదే ముందు తెరుచుకుంటుంది. అక్కడ కూర్చుని ఉంది మన పుపుస సిర! నొక్కగానే చక్కగా చుక్కలొచ్చాయి. "పుపుస ధమని" అని మార్చి మాస్టర్ మూసేశాను. నాలుగు స్లయిడ్లూ ఒక్క దెబ్బకి సరయ్యాయి. ఎంత ఆనందమేసిందో రాయడం నాకు చేతకాదు.

ఇంకొకటి మిగిలింది. కింద "జటరిక" అని ఒత్తు లేకుండా ఉంది. అదీ నొక్కితే రాదు, కానీ హైడ్ ఆల్‌లో బొమ్మతో పాటే మాయమైంది. బొమ్మలోనే అచ్చయిన అక్షరాలన్న మాట, వాటిని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. దాని మీద అదే రంగు చిన్న పెట్టె వేసి, "జఠరిక" అని రాసి, బొమ్మతో కలిపి గ్రూపు చేశాను.

నీ సంగతికొస్తాను. ఖరగ్‌పూర్ ట్రైనింగ్ సెంటర్ స్లయిడ్లలో మూలనున్న పాత లోగో ఎంత నొక్కినా రావట్లేదని రాశావు కదా. ముందు హైడ్ ఆల్ కొట్టు. అన్ని స్లయిడ్లలో ఒకే చోట ఉందంటున్నావు కాబట్టి నూటికి తొంభై పాళ్లు మాస్టర్‌లోనే ఉంటుంది. ఇంజన్ బొమ్మ చుట్టూ గీసిన చతురస్రం కూడా రావట్లేదన్నావు. అది నో ఫిల్ పెట్టి గీసింది అయ్యుంటుంది. లోపల నొక్కితే రాదు, సరిగ్గా గీత మీద నొక్కాలి. చిన్నగా ఉంటే కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పి పెద్దది చేసుకో. మౌస్‌తో చుట్టి పట్టుకునేటప్పుడు వస్తువు పూర్తిగా గీత లోపల ఉండాలి, ఒక మూల బయట ఉన్నా పవర్‌పాయింట్ వదిలేస్తుంది. కింద పెద్ద ఫోటో ఉంటే స్లయిడ్ బయటి బూడిదరంగు చోటు నుంచి లాగడం మొదలుపెట్టు, లేకపోతే ఫోటోయే కదులుతుంది.

ఇంట్లో లాప్‌టాప్‌లో నీది లిబ్రే ఆఫీస్ కదా, పవర్‌పాయింట్ లాంటి పనే చేసే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో ఆల్ట్ పట్టుకుని నొక్కితే వెనకాల ఉన్నది వస్తుంది. లినక్స్‌లో కొన్నిచోట్ల ఆల్ట్ పట్టుకుని లాగితే ప్రోగ్రాం విండోయే కదిలిపోతుంది, అప్పుడు ట్యాబే దిక్కు. గ్రూపు లోపలికి వెళ్లడానికి ఎఫ్3, బయటికి రావడానికి కంట్రోల్ ఎఫ్3.

మర్నాడు పాఠం చెప్పాను. మూడో బెంచీలో ఒక పిల్ల ఉంది, ఎప్పుడూ నోరు విప్పదు. ప్యానెల్ కేసి అలా చూసి చూసి లేచి నిలబడింది. "నీలం గొట్టాన్ని ధమని అని రాశారేంటి సార్?" అంది. అబ్బులూ, ఆ ప్రశ్న కోసమే కదరా నేను ఆ బొమ్మ వేసేది! పీరియడంతా దాని మీదే నడిచింది. పోయినేడు బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఇంకా ఉంది, అందులో కూడా సరిచేసిన బొమ్మ పెట్టి, ఏది ఎందుకు మారిందో రాశాను. ఇద్దరు ముగ్గురు అప్పుడే ఫోన్ చేసి అడిగారు, వాళ్లలో మన కొబ్బరి దింపుల వాడి కూతురు కూడా, ఆ పిల్ల బైపీసీలో చేరిందట, అసలు ఆ పిల్ల గురించే నీకో...

బెల్లు కొట్టేశారు, తొమ్మిది బీకి వెళ్లాలి. నీ ఫైలు మెయిల్‌లో పంపు, లోగో సంగతి నేనూ చూస్తాను. వదినని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ,
కాలవ గట్టు