వేలంలో పేరు లేని ఆటగాడికీ దారి చూపాలి

హాకీ ఇండియా లీగ్ వేలంలో పేరు లేని చిన్న ఊళ్ల కుర్రాళ్లకు ప్రొఫెషనల్ జట్టు గడప తొక్కే దారి కనిపించడం లేదు. ఏడేళ్ల విరామం తర్వాత 2024 డిసెంబరులో లీగ్ మళ్లీ మొదలై, హైదరాబాద్ తూఫాన్స్ జట్టు వచ్చినందుకు సంతోషమే. కానీ మా ఊరి కాలేజీ మైదానంలో తెల్లవారకముందే ఆడే పిల్లలను రోజూ చూస్తున్నాను. స్టిక్కులకు టేపు చుట్టుకుని ఆడతారు, ఆ మట్టి నేల మీద బంతి ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు. వాళ్లలో ఒకడు నిరుడు సెలెక్షన్‌కు వెళ్లి, నీళ్లు చల్లిన టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీద మొదటిసారి అడుగు పెట్టాడు. ఆ వేగానికి అలవాటు పడేలోపే ట్రయల్ అయిపోయింది. కెనడాలో కార్మన్ అనే చిన్న పట్టణం నుంచి వచ్చిన గోల్‌కీపర్ ఎడ్ బెల్ఫోర్‌ను నేషనల్ హాకీ లీగ్ డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, ఎవరూ తీసుకోలేదు. యూనివర్సిటీ జట్టుకు ఆడాక 1987లో షికాగో జట్టు ఒప్పందం చేసుకుంది. 1999లో ఆ లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిచిన డల్లాస్ జట్టు గోల్‌కీపర్ ఆయనే. అది ఐస్ హాకీ, ఆట వేరు. అయినా డ్రాఫ్టు ముగిశాక కూడా వెతికే కళ్లు అక్కడున్నాయి. చిత్తూరు జిల్లా నుంచి రజని, నిజామాబాద్ నుంచి సౌందర్య భారత జట్టుకు ఆడారంటే మన దగ్గర ప్రతిభకు కొదవ లేదు. లీగ్ జట్లు వేలం తర్వాత జిల్లా కేంద్రాల్లో ఓపెన్ ట్రయల్స్ పెట్టి, కనీసం ఇద్దరిని ప్రాక్టీసు ఆటగాళ్లుగా తీసుకోవాలి. ట్రయల్‌కు ముందు వారం రోజులు టర్ఫ్ మీద సాధన చేయించి, రానుపోను ఛార్జీలను రెండు తెలుగు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలు భరించాలి.

– ఒక హాకీ అభిమాని, గుంతకల్లు