కూజా బొమ్మ అభ్యాసం కోసమేనా?

సంపాదకులకు నమస్కారం.

చిత్రకళా ప్రదర్శనల గురించి తెలుగు పత్రికల్లో వచ్చే వార్తలను నేను చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. పల్లె స్త్రీలను, పండుగలను, పురాణ ఘట్టాలను చిత్రించినవారి గురించి మూడు నాలుగు పేరాలు రాసే విలేకరులు, అదే గోడ మీద ఒక కూజా, రెండు పండ్లు, పక్కన మడతపడిన గుడ్డ ఉన్న చిత్రం కనిపిస్తే మాత్రం “కొన్ని స్టిల్ లైఫ్ చిత్రాలు కూడా ఉన్నాయి” అనే ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. ఇది విలేకరుల తప్పే అనను. స్టిల్ లైఫ్, అంటే కదలని వస్తువులను చూసి వేసే నిశ్చల చిత్రం, చేయి తిరగడానికి వేసే అభ్యాసమనీ, అసలు చిత్రం ఆ తర్వాత మొదలవుతుందనీ మనలో చాలామంది నమ్ముతున్నారు. ఆధునిక భారతీయ చిత్రకళ చరిత్ర తెలిసినవారెవరూ ఆ నమ్మకాన్ని ఒప్పుకోలేరు. ముఖ్యంగా మన తెలుగు నేల మీద పుట్టిన ఆరా అనే చిత్రకారుడి జీవితమే దానికి గట్టి సమాధానంగా ఉండగా, మనం ఆయనను దాదాపు మరచిపోవడం నన్ను బాధపెడుతోంది.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. 1850లో మద్రాసులో, 1857లో బొంబాయిలో మొదలైన చిత్రకళా పాఠశాలల్లో బ్రిటిష్ పద్ధతి చదువు వచ్చింది. బల్ల మీద పాత్రలు అమర్చి, వెలుగు ఒకవైపు నుంచి పడేటట్టు చూసి, గుండ్రదనం, నీడ, దూరం సరిగా కుదిరాయా అని పరీక్షించడం ఆ చదువులో భాగం. నేటికీ మన డ్రాయింగ్ పరీక్షల్లో ఆ ఛాయలు ఉన్నాయి. చెంబు మూతి కోడిగుడ్డు ఆకారంలో సక్రమంగా వస్తే మార్కులు పడతాయి. ఆ చెంబును చూసినప్పుడు గీసేవారికి ఏమనిపించిందన్న ప్రశ్న ఎవరూ వేయరు. సాధన కోసం ఆ పద్ధతి అవసరమే, చిత్రలేఖన ఉపాధ్యాయినిగా నేనూ అలాగే నేర్పుతాను. అయితే బడిలో మెట్టుగా వాడుకున్నంత మాత్రాన ఆ ప్రక్రియ స్థాయి అంతేనని తీర్మానించడం న్యాయం కాదు.

కృష్ణాజీ హౌలాజీ ఆరా 1914లో సికింద్రాబాద్ దగ్గరి బొల్లారంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకుని, ఏడేళ్ల వయసులో ఇల్లు వదిలి బొంబాయి చేరారు. ఇళ్లలో పనిచేస్తూ, కార్లు తుడుస్తూ బతికారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. తీరిక దొరికినప్పుడల్లా బొమ్మలు వేసుకునే ఆ యువకుణ్ణి కళా విమర్శకుడు రూడీ ఫాన్ లైడెన్ గుర్తించి ప్రోత్సహించారు. 1942లో ఆయన తొలి వ్యక్తిగత ప్రదర్శన జరిగింది. 1947లో తోటి కళాకారులు సూజా, రజా, హుసేన్, గాడే, బాక్రేలతో కలిసి బొంబాయి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ అనే ఆధునిక కళాకారుల బృందాన్ని స్థాపించిన ఆరుగురిలో ఆయన ఒకరు. ఆ బృందంలో సూజా, రజా, హుసేన్ ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నారు. ఆరా మాత్రం బొంబాయిలోనే ఉండిపోయి, పూలగుత్తులను, కూజాలను, పండ్లను జీవితాంతం విడవకుండా చిత్రించి, 1985లో అక్కడే కన్నుమూశారు. 1952లో బాంబే ఆర్ట్ సొసైటీ బంగారు పతకం ఆయనకు వచ్చింది ఏ యుద్ధ దృశ్యానికో, దేవతామూర్తికో కాదు, “రెండు కూజాలు” అన్న చిత్రానికి.

ఆరా పనితనాన్ని దగ్గరగా చూడాలి. నీటిరంగు అనగానే మనకు పలుచని పూత, దాని వెనుక నుంచి తొంగిచూసే కాగితం తెల్లదనం గుర్తుకొస్తాయి. ఆరా తొలి దశలో నీటిరంగులనూ, గువాష్ అనే, కాగితం కనిపించనివ్వని నీటిరంగునూ తైలవర్ణాలన్నంత చిక్కగా, కుంచె జాడ కాగితం మీద నిలిచిపోయేటట్టు వాడారు. పువ్వు ఏ జాతిదో చెప్పడం ఆయనకు ముఖ్యం కాదు. ఎర్రని ముద్ద పక్కన ఆకుపచ్చ ముద్ద ఎంత బలంగా నిలబడిందన్నదే ముఖ్యం. పరీక్ష పెట్టేవారి కంటితో చూస్తే అక్కడ ఎన్నో లోపాలు కనిపిస్తాయి. అలా కాకుండా ఆ రంగు ముద్దలను కుంచె వెళ్లిన దారి వెంబడి చూసుకుంటూ పోతే, చేయి ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ ఆగి మళ్లీ అదే చోటికి వచ్చిందో తెలుస్తుంది. ఒక మనిషి మనఃస్థితి కాగితానికి ఎక్కిన తీరు అది. భావాన్ని పలికించే నిశ్చల చిత్రం అని నేను అంటున్నది దీన్నే.

వస్తువులకు ముఖం లేదు, చూపు లేదు, కథ లేదు. మనిషి బొమ్మలో కన్నీటి చుక్క ఒక్కటి వేస్తే చూసేవారు సగం పని తామే చేసుకుంటారు. కూజా విషయంలో ఆ సాయం దొరకదు. అందువల్ల చెప్పదలచుకున్నదంతా గీత మందం, రంగుల పొందిక, బల్ల వాలు, వస్తువుకూ వస్తువుకూ మధ్య వదిలిన ఖాళీ, ఇవే చెప్పాలి. ఫ్రాన్స్‌లో సెజాన్ అనే చిత్రకారుడు పందొమ్మిదో శతాబ్దం చివరలో బల్లను చూసేవారివైపు వంచి, ఆపిల్ పండ్లను ఒకే చోటు నుంచి చూసినట్టు కాకుండా చిత్రించి ఈ దారి తెరిచారు. మన చిత్రకారులు ఆ దారిని చూశారు, కానీ దాని మీద నడిచింది తమ బతుకు బరువుతోనే.

ఫ్రాన్సిస్ న్యూటన్ సూజా చిత్రాలు ఈ మాటకు రుజువు. 1924లో గోవాలోని సాలిగావ్‌లో కాథలిక్ కుటుంబంలో పుట్టిన సూజా, 1949లో లండన్ వెళ్లిన తర్వాత కూడా చర్చి పూజాపాత్రలను, ద్రాక్షరసపు గిన్నెలను, రొట్టెను, చేపలను పదే పదే చిత్రించారు. నల్లని మందపాటి గీతలు ఆ పాత్రలను కట్టడి చేసినట్టు చుట్టుకుని ఉంటాయి. ఆ గిన్నెలు భక్తితో తాకవలసినవిగా కనిపిస్తాయి, అదే సమయంలో చేయి పెడితే గాయపడుతుందేమో అన్నంత పదునుగానూ కనిపిస్తాయి. మతం పట్ల ఆయనకున్న ఆకర్షణ, కోపం రెండూ ఒకే బల్ల మీదకు వచ్చాయి. క్రీస్తు శిలువను చిత్రించిన సూజా గురించి ఎంతో రాసినవారు, ఈ పాత్రల దగ్గర కూడా అంతే సేపు నిలబడితే బాగుంటుంది.

ఇంకొక దారి బెంగాలీ చిత్రకారుడు జోగేన్ చౌధురిది. 1939లో, నేటి బంగ్లాదేశ్‌లో ఉన్న ఫరీద్‌పూర్‌లో పుట్టి, దేశ విభజన వల్ల కలకత్తా చేరిన కుటుంబం ఆయనది. సన్నని సిరా గీతలు అడ్డదిడ్డంగా ఒకదాని మీద ఒకటి అల్లుతూ పోగా పువ్వు, ఆకు, పండు వయసు మీరిన చర్మంలా ముడతలు తేలి, కాస్త జారిపోతున్నట్టు ఉంటాయి. నేపథ్యం తరచుగా నల్లగా, ఖాళీగా ఉంటుంది. ఒక్క మనిషి కూడా లేని ఆ చిత్రంలో శరీరం గురించిన దిగులు ఎంత ఉందో చూసినవారికి తెలుస్తుంది.

సమాజంలో ఇంత కష్టం ఉండగా పూలగుత్తి వేయడం బాధ్యత లేని పని అని కొందరు మిత్రులు వాదిస్తారు. వారి ఆవేదనను గౌరవిస్తాను. కానీ ఇతరుల ఇళ్లలో పనికి కుదిరిన పిల్లవాడు, జైలు చూసిన యువకుడు, పెద్దయి తన కుంచెకు పూలనూ కూజాలనూ ఎంచుకోవడాన్ని పలాయనం అనడానికి నాకు నోరు రాదు. తనది అని చెప్పుకోవడానికి ఏమీ లేకుండా పెరిగినవారు ఒక వస్తువును ఎంత గాఢంగా చూడగలరో ఆ చిత్రాలలో ఉంది.

కాబట్టి మీకు, మీ ద్వారా సంబంధిత అధికారులకు ఒక విన్నపం. నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ సేకరణలో ఆరా చిత్రాలు ఉన్నాయి. వాటిని కొంతకాలానికి తెప్పించి హైదరాబాద్‌లో నిశ్చల చిత్రాల ప్రదర్శన ఒకటి ఏర్పాటు చేయడం రాష్ట్ర సాంస్కృతిక శాఖకు అసాధ్యమేమీ కాదు. బొల్లారం పిల్లలు బొల్లారంలో పుట్టిన చిత్రకారుడి పని చూడాలి. బడులలో కూడా ఉపాధ్యాయులు నెలకు ఒక్క తరగతి కొలతలు పక్కనపెట్టి, పిల్లలను తమకు నచ్చిన వస్తువు తెచ్చుకుని గీయమంటే చాలు. మా తరగతిలో అలా అడిగినప్పుడు ఒక అమ్మాయి తన పాత టిఫిన్ డబ్బా తెచ్చి, ముందు దాని మూత మీది సొట్టను గీసి, ఆ తర్వాతే డబ్బా ఆకారం వేసింది. సొట్ట చుట్టూ పెన్సిల్ ఎంత ఒత్తిందంటే కాగితం వెనకవైపు ఉబ్బింది. ఏ కొలతల పాఠమూ నేర్పని చూపు అది.

మీ పత్రిక ఆదివారం సంచికలో ఆరా గురించి ఒక వ్యాసం వేస్తే ఎంతో సంతోషిస్తాను. వేసినప్పుడు ఆయన చిత్రాలను తపాలా బిళ్లంత చేయకుండా, రంగుల్లో, కుంచె జాడ కనిపించేంత పెద్దగా అచ్చువేయించి, కింద మాధ్యమం, కొలతలు, చిత్రించిన సంవత్సరం తప్పక ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక చిత్రలేఖన ఉపాధ్యాయిని